పరగడుపు అంకె

మా ఆయన మహిపాల్ ఖతార్ నుంచి రోజూ పొద్దున్నే ఫోన్ చేసి ఒక అంకె చెప్పేవాడు. పరగడుపున వేలు పొడుచుకుని, మిషన్ మీద చూసి చెప్పే షుగర్ అంకె. అది చెవిన పడ్డాకే నేను పొయ్యి మీద టీ గిన్నె పెట్టేదాన్ని. తక్కువ చెప్పిన రోజు చక్కెర ఒక చెంచా ఎక్కువే వేసుకునేదాన్ని. ఎక్కువ చెప్పిన రోజు టీ పొంగి స్టవ్వంతా పాడయ్యేది. కోరుట్లలో గల్ఫ్ మొగుళ్లున్న ఆడవాళ్లు ఫోన్లో ఏం ముచ్చట్లు పెట్టుకుంటారో గానీ, మా సంసారం మాత్రం ఆ అంకె మీదే నడిచేది.

భయం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. నోరు పుట్టుకతో వచ్చింది. "గీ సుమిత్ర నోటికి కుక్కలు గూడ బుగులువడతయి" అనేది మా అత్త సాయమ్మ. అలాంటిదాన్ని, ఆ ఏడాది ఫోన్ మోగినా ఉలిక్కిపడ్డాను, మోగకపోయినా ఉలిక్కిపడ్డాను.

ఆయనకు షుగరుందని బయటపడింది కిందటిసారి సెలవు మీద వచ్చినప్పుడు. అత్తమ్మ మాత్రల కోసం కరుణాకర్ మెడికల్ షాపుకు వెళ్లాడు. బస్టాండు దగ్గర చిన్న షాపు అది. కరుణాకర్ అక్కడే ఒక కుర్చీ వేసి బీపీ చూస్తాడు, బరువు చూస్తాడు, వేలు పొడిచి షుగర్ చూస్తాడు. మా ఆయనా కరుణాకరూ బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. "ఏందిరా గింత బక్కగైనవ్, నీళ్లు గూడ బాటిళ్లకు బాటిళ్లు లేపుతున్నవ్" అని నవ్వుతూ వేలు పట్టుకుని పొడిచాడట. మిషన్ మీద మూడు వందలు దాటిన అంకె చూసి ఇద్దరి నవ్వూ ఆగిపోయింది. జగిత్యాలలో డాక్టరు మాత్రలు రాసి, రెండు నెలలైనా తన కళ్ల ముందు ఉండమన్నాడు. అప్పటికి సెలవు పది రోజులు కూడా మిగల్లేదు.

ఉండిపొమ్మని నేనన్నాను. వినలేదు. ఊళ్లో బోరు ఎండిపోయింది, పసుపు వేసిన ఏడాదే ధర పడిపోయింది, ఇక్కడ కూర్చుని ఏం చెయ్యాలని ఆయన మాట. అంతకన్నా పెద్ద బుగులు ఇంకొకటుంది. వాళ్ల క్యాంపులో ఒకతనికి షుగరుందని కంపెనీ క్లినిక్‌లో తేలితే, వారం తిరిగేలోగా వీసా రద్దు చేసి ఇంటికి పంపించేశారు. అందుకని ఆయన మాత్రలన్నీ పట్టీల్లోంచి ఒక్కొక్కటే ఒలిచి విటమిన్ గోలీల డబ్బాలో పోసుకున్నాడు. బయలుదేరే ముందు మా అక్షితను పిలిచి, దాని తల మీద నా చెయ్యి పెట్టించాడు.

"నాకు సుగరున్న ముచ్చట కంపెనోళ్లకు తెల్వద్దు. ఏమన్న కానీ, నీ నోట్లకెల్లి బయటికి రావద్దు. పిల్ల మీద ఒట్టెయ్యి."

వేశాను. బిడ్డ తల మీద వేసిన ఒట్టు తప్పితే అది బిడ్డకే తగులుతుందని మా దగ్గర చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతారు. నేను డిగ్రీ చదివాను. నేనూ నమ్ముతాను.

అక్కడికి పోయాక తనే ఒక షుగర్ మిషన్ కొనుక్కున్నాడు. కంపెనీ క్లినిక్ గడప తొక్కకుండా తన రోగాన్ని తానే కాపలా కాసుకోవచ్చని. ఆయన అంకె నాకు చెబితే, నేను పోయి కరుణాకర్‌కు చెప్పేదాన్ని. మొదట్లో నూట ఇరవై, నూట ముప్పై. "గిట్లుంటే రంది లేదు చెల్లె" అనేవాడు కరుణాకర్. ఖతార్ పోయేవాళ్లెవరైనా దొరికితే మాత్రల డబ్బాను మామిడికాయ తొక్కు సీసాల నడుమ పెట్టి పంపేదాన్ని. ఎండలు ముదిరేకొద్దీ అంకె పెరిగింది. నూట అరవై అయింది, నూట ఎనభై అయింది.

"పరగడుపున గింత ఉండద్దు. అక్కడ డాక్టర్‌కు సూపిచ్చుకొమ్మను," అన్నాడు కరుణాకర్.

"అక్కడ డాక్టరంటే కంపెనీ డాక్టరే కదన్నా."

"బయట ఎవలకన్న సూపిచ్చుకొమ్మనరాదు."

చెప్పాను. శుక్రవారం సెలవు రోజు పోతానన్నాడు. ఎన్ని శుక్రవారాలు గడిచాయో! బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. "ఎండలు తగ్గితే గదే తగ్గుతది" అని ఫోన్ పెట్టేసేవాడు. కొండగట్టు అంజన్నకు మొక్కుకున్నాను. మా ఆయన మీద కోపమొచ్చి, మొక్కులో ఆయన పేరుకు ముందు ఒక తిట్టు కూడా కలిపాను.

అంకె రెండు వందలు దాటి, వాంతులు కూడా మొదలైన వారంలో రాయికల్ మనిషి ఒకాయన సెలవు మీద వస్తూ మా పార్సిల్ తెచ్చిచ్చాడు. సబ్బులు, పాలపొడి డబ్బా, తలనొప్పి తైలం, అక్షితకు ఒక బొమ్మ. వాటితోపాటు అత్తమ్మకు ఒక షుగర్ మిషన్. అత్తమ్మకు షుగర్ పాత చుట్టం, ఎప్పటినుంచో ఉంది. ఆయన తనకు ఏది కొనుక్కున్నాడో అచ్చంగా అదే తల్లికీ కొని పంపాడు. అత్తమ్మ దాన్ని వాకిట్లో పెట్టుకుని వచ్చేపోయేవాళ్లందరికీ చూపించింది.

"ఖతార్ మిషన్. మన కరుణాకర్ తాన ఉండే డొక్కు మిషన్ అనుకున్నరా గిది?"

మర్నాడు పొద్దున ఆయన ఫోన్ చేశాడు. గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

"రెండొందల నలబై," అన్నాడు.

"నిన్న గూడ గంతనే అంటివి. కక్కుడు తగ్గిందా?"

"లేదు. కడుపుల నొస్తుంది. ఎన్ని నీళ్లు తాగినా దూప ఆగుతలేదు. గీ ఎండలకు అందరు గట్లనే ఉన్నరే. ఇయ్యాల డ్యూటీకి పోతలేను, పంటున్న."

డ్యూటీకి పోనన్నాడు! జ్వరమొచ్చినా, పన్ను పీకించుకున్న రోజైనా డ్యూటీ మానని మనిషి. కానీ ఆ రోజు నన్ను ముందు భయపెట్టింది ఆయన కాదు, అత్తమ్మ. కొత్త మిషన్‌తో చూస్తానని ఆమె వేలు పొడిచాను. అరవై ఎనిమిది వచ్చింది. ఎప్పుడూ నూట యాభైకి తగ్గని మనిషి ఆమె. డెబ్బై కంటే తగ్గితే ప్రాణం మీదికొస్తుందని కరుణాకర్ షాపు గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంటుంది. గ్లాసెడు నీళ్లలో గుప్పెడు చక్కెర కలిపి, వద్దు వద్దంటున్నా ఆమె నోట్లో పోశాను. అక్షిత అప్పటికే బడికి పోయింది. తలుపుకు గొళ్లెం కూడా పెట్టకుండా అత్తమ్మను ఆటోలో వేసుకుని షాపుకు తీసుకెళ్లాను.

కరుణాకర్ తన మిషన్‌తో చూశాడు. నూట డెబ్బై ఒకటి.

"అరవై ఎనిమిది ఎక్కడిది చెల్లె?"

"చక్కెర నీళ్లు తాపినన్నా."

"తాపినా గంతల్నే నూరు పెరుగుతదా? మీ మిషన్ ఇటు తియ్యి."

అదే వేలి నుంచి ఇంకో బొట్టు నెత్తురు తీసి మా మిషన్‌లో పెట్టాడు. నేను చూసి తొంభై నాలుగన్నాను. అతను మిషన్‌ను కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకున్నాడు.

"తొంభై నాలుగు కాదు. తొమ్మిది పాయింట్ నాలుగు. నడుమ చుక్కున్నది సూడు."

"అది తెర మీద మరక అనుకున్న."

"మరక కాదు చెల్లె. గిది వేరే లెక్క. ఇక్కడి మిషన్లన్ని ఒక లెక్కల సూపెడితే, గసొంటివి ఇంకో లెక్కల సూపెడుతయి. మన లెక్కకు రావాల్నంటే పద్దెనిమిదితోటి గుణించాలె. పొద్దుగాల నువ్వు సూసింది ఆరు పాయింట్ ఎనిమిది. అంటే నూట ఇరవై రెండు. మీ అత్తకు గంత మంచి సుగర్ నేనెన్నడు సూడలే."

అత్తమ్మ నోరు తెరిచింది. "అయ్యో, మంచిగున్నదాన్ని చక్కెర తాపి ఖరాబ్ జేసిందిరా కరుణాకరూ! కోడలు కాదు, చీమలకు దోస్తు."

కరుణాకర్ నవ్వాడు. దగ్గు మందు కోసం వచ్చిన ముసలాయన కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ఊపిరి పీల్చుకుని, కొంగుతో మొహం తుడుచుకుని, కడుపారా నవ్వాను. అలా నవ్వుతూనే ఆయన గుర్తొచ్చాడు.

"అన్నా," అన్నాను. "ఆయన తాన ఉన్నది గూడ గిదే మిషన్."

కరుణాకర్ చేతిలో దూది అలాగే ఉండిపోయింది.

"పొద్దుగాల ఎంతన్నడు?"

"రెండొందల నలబై."

అతను లెక్కల మిషన్ తీసి, చుక్క పెట్టి ఇరవై నాలుగు చేసి, పద్దెనిమిదితో గుణించాడు. దాన్ని నా వైపు తిప్పాడు. నాలుగు వందల ముప్పై రెండు. నేను దాన్ని లాక్కుని నూట ఇరవై అన్న రోజుల లెక్క వేశాను. పన్నెండుని పద్దెనిమిదితో. రెండు వందల పదహారు. రంది లేదనుకుని నేను తీపి టీ తాగిన పొద్దులన్నీ రెండు వందల పైమాటే. తొక్కు సీసాల నడుమ నేను పంపిన మాత్రలు ఆ మంటకు ఏ మూలకూ చాలలేదు. కరుణాకర్ మొహం చూస్తే అతని తలలోనూ అదే లెక్క తిరుగుతోందని తెలిసింది.

"కక్కుడు ఎప్పటిసంది?"

"మూడు నాలుగొద్దులాయె. కడుపునొప్పి గూడ ఉన్నది."

"ఎమ్మటే ఫోన్ చెయ్. దవాఖానకు పోవాలె. శుక్రారం కాదు, ఇయ్యాల. ఇప్పుడే."

"పోకుంటే ఏమైతదన్నా?"

"సోయి తప్పుతది," అన్నాడు.

ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఎన్నిసార్లు చేశానో నాకే తెలియదు. పడుకుంటానన్నాడు కదా, నిద్రపోతుంటాడు, మొద్దు నిద్ర ఆయనది అని నాకు నేనే చెప్పుకున్నాను. అత్తమ్మ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. కుర్చీలో ముందుకు వంగి నా చెవి దగ్గరున్న ఫోన్‌నే చూస్తోంది. బస్టాండులో "ధర్మపురి, ధర్మపురి" అని కండక్టరు కేకేస్తున్నాడు. ఎవరో వచ్చి పిల్లల సిరప్ అడిగారు, ఇంకెవరో గ్యాస్ గోలీలు అడిగారు. కరుణాకర్ ఇచ్చాడు, చిల్లర కూడా ఇచ్చాడు. లోకం అంత మామూలుగా ఎలా ఉండగలిగిందో నాకు అర్థం కాలేదు. అందరినీ చెడామడా తిట్టాలనిపించింది.

మా వీధికి ఇంతకుముందొకసారి శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి అంబులెన్సు వచ్చింది. అందులో చెక్కపెట్టె ఉంది. పెట్టె మూత తెరిచేందుకు సుత్తి కావాలంటే మా ఇంట్లోంచే ఇచ్చాను. ఆ పెట్టె మీద అతికించిన కాగితం, దాని మీద పేరు ఇంగ్లీషులో, అన్నీ నా కళ్ల ముందుకొచ్చాయి. ఆ పేరు స్థానంలో ఇంకో పేరు రాకుండా కళ్లు గట్టిగా మూసుకున్నాను.

ఆయన గదిలోనే ఉండే ఓదెలుకు చేశాను. సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి అతను. ఆయన్ను అన్నా అంటాడు, నన్ను వదినె అంటాడు. సైటు మీద ఫోన్లు సంచుల్లో పెట్టించేస్తారు. తిండి వేళకు గానీ ఎత్తలేదు.

"మహిపాలన్ననా? పొద్దుగాల గూడ కక్కిండు వదినె. పంట, లేపకుర్రి అన్నడు."

"ఓదెలూ, నువ్వు రూముకు పో. ఇప్పుడే పో. మనిషి ఎట్లున్నడో నాకు వీడియోల సూపియ్యి."

"డ్యూటీ నడుమల పోతే ఊకుంటరా? ఫోర్‌మన్..."

"నీ ఫోర్‌మన్ పాడెగట్ట! పో అంటున్న గదా!"

ఆ కేకకు షాపు ముందు నిలబడ్డ ఆటో అతను లోపలికి తొంగి చూశాడు. ఓదెలు బయలుదేరాడు. సైటు దాటితే క్యాంపేనట, నడిచే దూరమేనట. ఆ నడక ఎప్పటికీ తెగదేమో అనిపించింది.

వీడియో వచ్చింది. ముందు ఇనుప మంచాలు, తాళ్ల మీద ఆరేసిన బట్టలు. తర్వాత ఆయన. నేను గుర్తుపట్టలేదు. దవడలు లోపలికి పోయాయి, పెదాలు ఎండి పగిలాయి. రోజూ గొంతే వింటూ వచ్చాను గానీ మనిషిని చూసి ఎన్నాళ్లయిందో! నెట్ బాగా లేదు, ఉత్త ఫోనే చేస్తానని ఎందుకనేవాడో అప్పుడు తెలిసింది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి. గుట్ట ఎక్కి వచ్చినవాడిలా పెద్దపెద్దగా ఊపిరి తీస్తున్నాడు, పడుకునే.

"అన్నా, వదినె ఫోన్ల ఉన్నది, సూడు," అని ఓదెలు భుజం కుదిపాడు. ఆయన చూడలేదు.

కరుణాకర్ నా భుజం మీదుగా వంగి చెప్పాడు. "తమ్మీ, ఆ మిషన్ తియ్యి. వేలు పొడువు. ఎంతొస్తదో చెప్పు."

ఓదెలుకు ఆ మిషన్ ఎలా వాడాలో బాగా తెలుసు. చకచకా పట్టీ పెట్టాడు, వేలు పొడిచాడు. ఎంతసేపటికీ అంకె చెప్పలేదు.

"అంకె వస్తలేదన్నా. రెండు ఇంగ్లీషు అచ్చరాలే వచ్చినయి. మల్ల పెట్టాల్నా?"

కరుణాకర్ ఆ అక్షరాలు ఏమిటో అడిగి తెలుసుకున్నాడు. "మల్ల పెట్టద్దు. మిషన్‌కు అందనంత ఉన్నది. తమ్మీ, టైం లేదు. అంబులెన్సును పిలువు."

"అంబులెన్సస్తే క్యాంప్ బాస్‌కు తెలుస్తదన్నా. కంపెనీకి పోతది ముచ్చట."

అప్పుడు ఆయన పెదాలు కదిలాయి. "వద్దు," అన్నాడు. నా పేరు కూడా పలికినట్టుంది. ఇంకోసారి "వద్దు" అన్నాడు.

నా చెయ్యి అక్షిత తల మీద ఉన్నట్టే అనిపించింది. నూనె రాసి దువ్విన ఆ జుట్టు వేళ్లకు తగిలింది. పిల్ల బడిలో ఉంది, మెట్లు దిగుతుంటుంది, రోడ్డు దాటుతుంటుంది. ఎటు చూసినా నా నోటి మాటకే ఒకరి ప్రాణం వేలాడుతోంది. నోరు పెగల్లేదు. ఏ కుక్కకూ జంకని నోరు.

అత్తమ్మ కుర్చీలోంచి లేచి ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది.

"ఓదెలూ, నేను మహిపాల్ తల్లిని. పిలువు అంబులెన్సును."

"అత్తమ్మా, పిల్ల మీద ఒట్టేసిన," అన్నాను.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు! తగిలితే నాకు తగులనీ. ముసలిదాన్ని, తయారుగనే ఉన్న. వాని సుగర్ ముచ్చట అందరికి చెప్పుమను. బాస్‌కు చెప్పుమను, రాజుకు చెప్పుమను."

నాకు అప్పుడు గొంతు వచ్చింది. "పిలువు ఓదెలూ," అని అరిచాను. "ఎన్నొద్దుల సంది సుగరున్నదో, ఏం గోలీలు మింగుతుండో అంత చెప్పు. విటమిన్ డబ్బా సూపియ్యి. అండ్ల ఉన్నవి సుగర్ గోలీలు."

ఫోన్ కట్టయింది. షాపు మధ్యలో అత్తమ్మా నేనూ ఒకరి చేతులొకరం పట్టుకుని కూర్చున్నాం. బడి విడిచే వేళ కాకముందే పోయి అక్షితను తెచ్చేసుకున్నాను. ఎందుకమ్మా అని అడిగితే చెప్పలేదు. ఆ సాయంత్రమంతా దాన్ని వాకిలి కూడా దిగనివ్వలేదు.

పొద్దుగూకాక ఓదెలు మెసేజ్ పెట్టాడు. దవాఖానలో పెట్టుకున్నారట, సెలైన్లు ఎక్కిస్తున్నారట. ఇంకొంచెం ఆలస్యమైతే చేసేదేమీ ఉండేది కాదని అక్కడి నర్సు, కేరళ ఆమె, హిందీలో చెప్పిందట. అది చదివి అత్తమ్మకు చెప్పి, వంటింట్లోకి పోయి గోడకానుకుని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.

ఆయన గొంతు విన్నది ఇంకో రెండు రోజులకు. తిడతాడనే అనుకున్నాను. తిట్టలేదు.

"కంపెనోళ్లు అచ్చిపోయిండ్రు. తేరుకున్నంక టికెట్ చేపిస్తరట," అన్నాడు. "వీసా ఖతం."

"కానీ."

"ఒట్టు తప్పినవ్."

"తప్పిన. నువ్వు రా, వచ్చినంక కొట్లాడుదాం."

ఏడుస్తున్నాడని తెలిసింది. ఆ తర్వాత చిన్నగా అన్నాడు. "సుమిత్రా, ఓదెలు గూడ నా మిషన్‌తోటే సూసుకుంటడు. వానికి గూడ ఉన్నది. ఇంట్ల ఎవలకు తెల్వదు. నేను చెప్తే ఇంటలేడు, మంచిగనే ఉన్న అంటుండు. జర నువ్వన్న చెప్పు."

ఓదెలుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మెసేజ్ పెట్టాను, చూసి వదిలేశాడు. మరునాడు చేస్తే కట్ చేశాడు. నా మొగుణ్ణి మోసుకుపోయి అంబులెన్సులో వేసినవాడు నా ఫోన్‌కు భయపడుతున్నాడు. కోపం రాలేదు. మహిపాల్‌కు ఏమయిందో అతను కళ్లారా చూశాడు, మంచం మీద ఎలా పడున్నాడో చూశాడు, వీసా ఎలా పోయిందో కూడా చూశాడు. రెంటిలో అతన్ని ఏది ఎక్కువ భయపెట్టిందో నాకు తెలుసు.

శుక్రవారం పొద్దున అక్షితను అత్తమ్మకు అప్పజెప్పి సిరిసిల్ల బస్సెక్కాను. వేములవాడ దాటేవరకూ ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. తంగళ్ళపల్లిలో దిగి అడిగితే ఇల్లు చూపించారు. పక్క ఇళ్లలోంచి మరమగ్గాల చప్పుడు, అక్కడ వాటిని సాంచెలంటారు. ఓదెలు భార్య బాలమణి వాకిట్లో కూర్చుని సాంచెలకు కండెలు చుడుతోంది. చిన్నపిల్ల, నాకంటే పదేళ్లయినా చిన్నది. నా పేరు చెప్పగానే రాట్నం ఆపింది. కూర్చోమనలేదు.

"మహిపాల్ బావ నౌకరి నువ్వే తీసినవట గదక్కా. మా ఆయన చెప్పిండు."

"ఔ చెల్లె, నేనే తీసిన," అన్నాను. "మనిషి మిగిలిండు."

బస్సులో కూడబలుక్కున్న మాటలన్నీ పోయాయి. అదొక్కటే మిగిలింది. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. లోపలి నుంచి పీట తెచ్చి వేసింది.

మిషన్ సంగతి, చుక్క సంగతి, పద్దెనిమిది సంగతి అన్నీ చెప్పాను. ఆమె వింటూనే తల అడ్డంగా ఊపింది.

"మా ఆయనకు గసొంటి రోగమే లేదు. గీడికెల్లి పోయేటప్పుడు మెడికల్ల పాసయ్యే పోయిండు. అక్కడ ఊకె సూసుకుంటడంతే. మొన్న అడిగితే నూటా తొంబై అన్నడు. గంత ఉండచ్చు, ఏం గాదన్నడు." అలా చెబుతూ నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు జలదరించింది.

"ఇయ్యాల సెలవే గదా. నా ముంగటనే ఫోన్ చెయ్యి. నడుమ చుక్క ఉంటదా అని ఒక్కటే అడుగు. నేనున్నట్టు చెప్పకు."

ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. అతను ఎత్తాడు. పిల్లల గురించి అడిగాడు, వానలు పడ్డాయా అని అడిగాడు. ఆమె అన్నింటికీ జవాబు చెప్పి, అప్పుడడిగింది.

"ఏమయ్యా, నీ మిషన్ల అంకె నడుమ సుక్క ఉంటదా?"

అటువైపు పంకా తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

"ఎవలు అడుగుమన్నరు?"

"ఉంటదా లేదా చెప్పు."

"ఉంటది," అన్నాడు ఓదెలు. "నాకెరుకే బాలమణీ. మహిపాలన్నను తీస్కపోయిన రోజుకెల్లి నేను గుణిస్తనే ఉన్న. ఎవలకు చెప్పకు. నీకు దండం పెడత, ఎవలకు చెప్పకు."

బాలమణి స్పీకర్ తీసేసి ఫోన్ చెవికి పెట్టుకుంది. ఫోన్ కట్ చేసి వాకిలి వైపు చూసింది. ఆమె పిల్లలిద్దరూ అక్కడ రంగు దారపు ముక్కలతో ఆడుకుంటున్నారు. వాళ్లను చాలాసేపు చూసింది. ఏం ఒట్టు వేయించుకున్నాడో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

తర్వాత ఫోన్ నాకు అందించింది.

"కంపెనీ నంబరు నీ తాన ఉన్నదా అక్కా?" అంది.